సృష్టి వృత్తాంతం అక్షరార్థమా, అలంకారమా? ఆదికాండము తొలి అధ్యాయాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదికాండము మొదటి మూడు అధ్యాయాలు కలిసి చదువుకునే ప్రతిచోటా దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి. కొందరు పట్టుదలతో అడుగుతారు. కొందరు చాలాకాలం మనసులో దాచుకుని, విశ్వాసం పోతుందేమోనన్న భయంతో అడుగుతారు. ఆ రెండో రకంవారిని దృష్టిలో పెట్టుకునే ఈ జవాబులు రాశాను. నా అభిప్రాయం ముందే చెప్పడం న్యాయం: ఆరు దినాలను కాలపట్టికగా తీసుకోవడం కంటే, గ్రంథకర్త సృష్టి సత్యాన్ని అమర్చి చెప్పిన ఒక చట్రంగా చదవడమే మూలానికి దగ్గరగా ఉందని నేను నమ్ముతున్నాను. అయినా ఎదుటి వాదంలో బలమున్న చోట దాన్ని తగ్గించి చెప్పలేదు.

అసలు "అక్షరార్థం" అంటే ఏమిటి?

సగం గొడవ ఈ మాట దగ్గరే మొదలవుతుంది. చాలామంది "అక్షరార్థం" అంటే నిజం అనీ, "అలంకారం" అంటే కల్పన అనీ అనుకుంటారు. ఆ లెక్కన చూస్తే "ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి" అనే కీర్తన అబద్ధం కావాలి. ఆకాశానికి నోరు లేదు కదా! ఆ కీర్తన నిజమేనని, అయితే అందులోని భాష అలంకారమని ఏ విశ్వాసి అయినా సందేహం లేకుండా ఒప్పుకుంటాడు.

13వ శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాస్ దీనిమీద చాలా స్పష్టంగా రాశాడు. లేఖనం "దేవుని బాహువు" అన్నప్పుడు దేవునికి చెయ్యి ఉందన్నది ఆ మాట అక్షరార్థం కాదట. ఆ బాహువు సూచించే శక్తే దాని అక్షరార్థం. అంటే రాసినవాడు చెప్పదలచుకున్నదే అక్షరార్థం. ఈ నిర్వచనాన్ని ఒప్పుకుంటే ప్రశ్న మారుతుంది. "దీన్ని నమ్మాలా వద్దా" అని కాకుండా "రాసినవాడు ఏ పద్ధతిలో, దేన్ని గురించి మాట్లాడుతున్నాడు" అని అడగాల్సి వస్తుంది. మిగిలిన జవాబులన్నీ ఈ ప్రశ్న మీదే నిలబడతాయి.

"దినము" అంటే 24 గంటలేనా?

హీబ్రూలో ఆ మాట "యోమ్". ఒక్క ఆదికాండము తొలి పుటల్లోనే అది మూడు కొలతలతో కనిపిస్తుంది. 1:5లో దేవుడు వెలుగుకు పెట్టిన పేరు పగలు. అక్కడ మూలంలో ఉన్నది యోమ్ అనే మాటే, దాని అర్థం చీకటి లేని భాగం మాత్రమే. అదే వచనం చివర "అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను" అన్నచోట అదే మాట రాత్రిని కూడా కలుపుకుంటుంది. 2:4లో దేవుడు భూమిని ఆకాశాన్ని "చేసిన దినమందు" అన్నప్పుడు ఆరు రోజుల పని మొత్తాన్నీ ఆ ఒక్క మాటే మోస్తుంది. "తిను దినమున నిశ్చయముగా చచ్చెదవు" అన్న హెచ్చరిక విన్న ఆదాము ఆ తర్వాత బతికి, మొత్తం 930 సంవత్సరాలు జీవించాడని అయిదో అధ్యాయం చెబుతుంది.

ఇంతమాత్రం చేత "దినము" అంటే యుగమని తేల్చేయడం తొందరపాటు. అక్షరార్థ పక్షం వారి జవాబు గట్టిది: మొదటి అధ్యాయంలో ఆ మాటకు సంఖ్య ఉంది, అస్తమయం ఉంది, ఉదయం ఉంది. పైగా నిర్గమకాండము 20:11 ఇశ్రాయేలీయుల వారాన్ని సృష్టి వారం మీదే నిలబెడుతుంది. ఆరు యుగాలు పనిచేసి ఒక యుగం విశ్రాంతి తీసుకోమని ఎవరూ ఆజ్ఞాపించరు. ఆ వాక్యాల్లో "యోమ్" మామూలు రోజేనని చెప్పే హీబ్రూ పండితుల్లో సృష్టి ఆరు రోజుల్లో జరిగిందని నమ్మనివారు కూడా ఉన్నారు. నేనూ దాన్నే ఒప్పుకుంటాను.

అయితే మాట మామూలుది అయినంత మాత్రాన వృత్తాంతం మొత్తం దినచర్య నివేదిక అయిపోదు. యేసు చెప్పిన విత్తువాని ఉపమానంలో విత్తనాలు మామూలు విత్తనాలే, ముళ్లు మామూలు ముళ్లే. ఉపమానం లోపల ప్రతి మాటకూ దాని సహజమైన అర్థమే ఉంటుంది. అలంకారం ఉన్నది మొత్తం కథలో. అలాగే ఆదికాండములోని రోజులు రోజులే, అవి ఒక పనివారంలోని రోజులు. మనిషి వారాన్ని దేవుని పనికి పోలికగా తీసుకుని గ్రంథకర్త చెబుతున్నాడా అన్నది నిఘంటువు తేల్చగల విషయం కాదు.

"ఒక దినము వెయ్యి సంవత్సరములవలెను" అన్న 2 పేతురు 3:8ని ఇక్కడికి తెచ్చి లెక్కలు కట్టేవారున్నారు. ఆ వచనం దేవుని ఓర్పు గురించి చెప్పింది. దాన్ని మార్పిడి సూత్రంగా వాడితే ఇరుపక్షాలకూ ఉపయోగం లేదు.

సూర్యుడు నాలుగో దినాన వచ్చాడు. మరి అంతకుముందు మూడు రోజుల అస్తమయం, ఉదయం ఎలా జరిగాయి?

ఇది నాస్తికులు కనిపెట్టిన ప్రశ్న అనుకునేవారు ఆశ్చర్యపోతారు. మూడో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాకు చెందిన క్రైస్తవ పండితుడు ఓరిజెన్ దీన్ని అడిగాడు. సూర్యచంద్ర నక్షత్రాలు లేకుండా మొదటి, రెండవ, మూడవ దినాలు సాయంత్రంతో, ఉదయంతో గడిచాయని తెలివిగలవాడు ఎవడు అనుకుంటాడని రాశాడు. ఇలాంటి అడ్డంకుల్ని లేఖనం కావాలనే పెడుతుందనీ, చదివేవాడు పైపొర దగ్గర ఆగిపోకుండా లోతుకు వెళ్లాలన్నదే వాటి ఉద్దేశమనీ ఆయన నమ్మాడు.

నాలుగో శతాబ్దంలో కైసరయ బిషప్ బాసిల్ దీనికి భిన్నమైన జవాబిచ్చాడు. వెలుగు ముందు పుట్టింది, సూర్యుడు తర్వాత దానికి వాహనమయ్యాడు అన్నాడు. దీపమూ దాని మంటా వేరువేరని ఆయన భావం. లేఖనంలో గడ్డి అంటే నాకు గడ్డేనని ఆయన తన ప్రసంగాల్లో గట్టిగా చెప్పాడు. ఇప్పటి అక్షరార్థ వాదులకు ఆయన నిజమైన పూర్వికుడు. ఆ ప్రసంగాల్లో చేపల గురించి, పక్షుల గురించి ఆయన చెప్పిన తీరు చూస్తే సృష్టిని ఇంత ప్రేమగా చూసినవాడిని తేలిగ్గా తీసిపారేయకూడదనిపిస్తుంది.

ఈ వింత వరుసకు నాకు తృప్తినిచ్చే వివరణ అమరికలో ఉంది. దినాలను రెండు వరుసలుగా పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి దినం వెలుగు, నాలుగో దినం వెలుగును మోసే జ్యోతులు. రెండో దినం విశాలం, జలాలు. అయిదో దినం ఆ ఆకాశంలో ఎగిరే పక్షులు, ఆ జలాల్లో ఈదే ప్రాణులు. మూడో దినం ఆరిన నేల, మొక్కలు. ఆరో దినం ఆ నేలమీద నడిచే జంతువులు, నరుడు. మొదటి మూడు రోజుల్లో చోట్లు ఏర్పడ్డాయి. తర్వాతి మూడు రోజుల్లో ఆ చోట్లు నిండాయి. రెండో వచనంలో భూమి "నిరాకారముగాను శూన్యముగాను" ఉందన్నారు కదా. ఆకారం లేకపోవడాన్ని మొదటి సగం, శూన్యాన్ని రెండో సగం తీరుస్తున్నాయి. ఈ దృష్టిని 1924లో డచ్ పండితుడు ఆరీ నూర్ద్‌జై ప్రతిపాదించాడు. తర్వాత అమెరికా పండితుడు మెరెడిత్ క్లైన్ విస్తరించాడు. దీన్ని చట్ర సిద్ధాంతం అంటారు. ఈ అమరికలో సూర్యుడు నాలుగో చోట ఉండడం పొరపాటు కాదు, అతని స్థానం అదే.

అయితే ఇది కవిత్వమా?

కాదు. హీబ్రూ కవిత్వానికి గుర్తు అయిన జంట పాదాల పద్ధతి (ఒకే భావాన్ని రెండు పాదాల్లో మార్చి చెప్పడం) ఇందులో 1:27 లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప లేదు. క్రియాపదాలు చరిత్ర కథనాల్లో వాడే రూపాల్లోనే ఉన్నాయి. అక్షరార్థ పక్షం వారు దీన్ని ఎత్తిచూపడం సబబే.

కానీ మామూలు వచనం కూడా కాదు. హీబ్రూలో మొదటి వచనానికి ఏడు మాటలు, రెండో వచనానికి పద్నాలుగు. 1:1 నుంచి 2:3 వరకు "దేవుడు" అనే మాట 35 సార్లు, "భూమి" 21 సార్లు వస్తాయి. "మంచిది" అన్న తీర్పు సరిగ్గా ఏడుసార్లు, ఏడోసారి "చాలా మంచిది" అని. అన్నీ ఏడు గుణిజాలే. ఇంత శ్రద్ధగా చెక్కిన వచనాన్ని గుడిలో కలిసి చదివే గంభీరమైన పాఠంలా వినాలి. కళ్లతో గబగబా చదివితే ఆ తూకం అందదు.

అలంకారిక వ్యాఖ్యానం డార్విన్‌కు భయపడి చేసుకున్న సర్దుబాటు కదా?

నేను ఎక్కువగా వినే ఆరోపణ ఇది. చరిత్ర దీన్ని సమర్థించదు. డార్విన్ గ్రంథం 1859లో వచ్చింది. ఒకటో శతాబ్దంలోనే యూదు తత్వవేత్త ఫిలో, దేవునికి ఆరు రోజుల వ్యవధి అవసరం లేదనీ, ఆరు అనే సంఖ్య క్రమాన్ని సూచిస్తుందనీ రాశాడు. ఓరిజెన్ సంగతి చెప్పుకున్నాం.

ప్రాచీన క్రైస్తవ వేదాంతి అగస్టీన్ (354–430) అయితే ఈ అధ్యాయాలతో జీవితకాలం పెనుగులాడాడు. వీటిమీద పలుమార్లు వ్యాఖ్యానం మొదలుపెట్టాడు. చివరికి పన్నెండు భాగాల పెద్ద గ్రంథం రాసి దానికి "అక్షరార్థ" వ్యాఖ్యానం అనే పేరు పెట్టాడు. అందులో ఆయన చేరుకున్న అభిప్రాయం మాత్రం ఈనాటి అక్షరార్థ వాదులెవరికీ నచ్చదు. దేవుడు సమస్తాన్నీ ఒక్కసారిగా సృజించాడనీ, ఆరు దినాలు మనకు తెలిసిన సూర్యుని రోజులు కావనీ ఆయన అన్నాడు. అంటే ఆరు రోజులు ఆయనకు తక్కువై కాదు, ఎక్కువై ఇబ్బంది కలిగించాయి.

అదే గ్రంథంలో ఒక హెచ్చరిక ఉంది. భూమి గురించి, ఆకాశం గురించి, నక్షత్రాల గతుల గురించి అవిశ్వాసికి కూడా అనుభవంతో, తర్కంతో తెలిసిన విషయాలుంటాయి. క్రైస్తవుడు లేఖనం పేరుతో వాటిమీద అర్థంలేని మాటలు చెబితే వినేవాడు నవ్వుతాడు. తనకు తెలిసిన సంగతిలోనే తప్పు దొరికినప్పుడు మృతుల పునరుత్థానం గురించి, నిత్యజీవం గురించి అదే గ్రంథాన్ని ఎలా నమ్ముతాడు? పదహారు శతాబ్దాల క్రితం వచ్చిన ఈ ప్రశ్నను ఈ వయసులో కూడా చదివినప్పుడల్లా నా గుండె బరువెక్కుతుంది. విశ్వాసం వదిలి వెళ్లిన యువకులను కొందరిని నేను ఎరుగుదును. వాళ్లు మొదట కోల్పోయింది సిలువ మీద నమ్మకం కాదు, భూమి వయసు గురించి పెద్దలు చెప్పిన లెక్క మీద నమ్మకం.

యూదు సంప్రదాయంలోనూ ఇలాంటి భేదాలున్నాయి. 11వ శతాబ్దపు లేఖన వ్యాఖ్యాత రాషి, మొదటి వచనం సృష్టి జరిగిన వరుసను నేర్పడానికి రాసింది కాదన్నాడు. జలాల సృష్టి ఎప్పుడు జరిగిందో చెప్పకుండానే రెండో వచనంలో జలాలు కనిపించడం ఆయన చూపిన ఆధారాల్లో ఒకటి. మరో యూదు వ్యాఖ్యాత నహ్మనిదీసు మాత్రం అవి నిజమైన రోజులేనన్నాడు.

16వ శతాబ్దపు ప్రొటెస్టంటు సంస్కరణ కాలంలో దాని నాయకుడు లూథర్, మోషే (ఆదికాండము రాసింది ఆయనేనని సంప్రదాయం) దినమంటే దినమేనని నిలబడ్డాడు. మరో సంస్కర్త కాల్విన్ కూడా ఆరు రోజులనే ఒప్పుకున్నాడు. అయినా 1554 నాటి వ్యాఖ్యానంలో ఆయన ఒక మెలిక పెట్టాడు. చంద్రుడిని ఆదికాండము రెండో పెద్ద జ్యోతి అంటుంది, ఖగోళ పండితులేమో శనిగ్రహం చంద్రుడికంటే పెద్దదని నిరూపించారు. ఇందులో వైరుధ్యం లేదని కాల్విన్ జవాబు. మోషే మామూలు మనిషి కంటికి కనబడే తీరులో రాశాడు, ఖగోళం నేర్చుకోవాలంటే వేరేచోటికి వెళ్లాలి అన్నాడు.

భూమికి 6000 సంవత్సరాలన్న లెక్క బైబిల్లో ఉందా?

ఆ సంఖ్య ఎక్కడా లేదు. వంశావళుల్లోని వయసులు కూడితే వస్తుంది. ఐర్లండు ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1650లో అలా కూడి సృష్టిని క్రీ.పూ. 4004 అక్టోబరు 23 దగ్గర నిలిపాడు. ఆయన మామూలు పండితుడు కాడు. పర్షియా, గ్రీకు రాజుల కాలాలతో సరిపోల్చి చేసిన పని అది. ఆ తేదీలు తర్వాత ఇంగ్లీషు బైబిళ్ల అంచుల్లో అచ్చయ్యాయి. అచ్చులో పక్కన కనబడేసరికి చదివేవారికి అవి కూడా లేఖనంలో భాగంలాగే అనిపించాయి.

ఈ లెక్కలో చిక్కులున్నాయి. షేతు పుట్టినప్పుడు ఆదాము వయసు హీబ్రూ ప్రతుల్లో 130, ప్రాచీన గ్రీకు అనువాదంలో 230. ఇలాంటి తేడాలన్నీ కలిసి గ్రీకు అనువాదం ప్రకారం సృష్టి క్రీ.పూ. 5500 ప్రాంతానికి వెళుతుంది. యూదుల పంచాంగం క్రీ.పూ. 3761 నుంచి లెక్కిస్తుంది. బైబిలు వంశావళులు తరాలను వదిలేయడం కూడా మామూలే: మత్తయి 1:8 యెహోరాముకూ ఉజ్జియాకూ మధ్య అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజులను దాటవేసింది.

శాస్త్రం ఏమంటుంది? రెంటినీ కలిపే మార్గం లేదా?

భూమికి దాదాపు 454 కోట్ల సంవత్సరాలు, విశ్వానికి దాదాపు 1380 కోట్ల సంవత్సరాలు. భూమి వయసును 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసాన్ని కొలిచి తేల్చాడు. ఆ తర్వాతి కొలతలన్నీ ఆ దరిదాపుల్లోనే నిలిచాయి.

కలపడానికి రెండు పాత ప్రయత్నాలున్నాయి. ఒకటి విరామ సిద్ధాంతం. మొదటి రెండు వచనాల మధ్య లెక్కలేనంత కాలం గడిచిందని స్కాట్లండు బోధకుడు థామస్ చామర్స్ 19వ శతాబ్దం మొదట్లో ప్రచారం చేశాడు. 1909 నాటి స్కోఫీల్డ్ బైబిలు నోట్సు దాన్ని ఇంటింటికీ చేర్చింది. రెండోది ఒక్కో దినం ఒక్కో యుగమనే వాదం. ఈ రెండూ నాకు తృప్తినివ్వవు. యుగాల వాదాన్నే తీసుకోండి: ఆదికాండములో పండ్ల చెట్లు మూడో దినం, సముద్రప్రాణులు అయిదో దినం. పక్షులు అయిదో దినం, నేలమీది జంతువులు ఆరో దినం. రాతిపొరల్లోని శిలాజాలు ఈ రెండు వరుసలనూ తిరగేసి చూపిస్తాయి. అక్షరార్థాన్ని కాపాడబోయి అక్షరాన్నీ అర్థాన్నీ రెంటినీ సాగదీయాల్సి వస్తుంది.

మహావిస్ఫోట సిద్ధాంతానికి పునాది వేసిన జార్జ్ లెమైత్ర్ స్వయంగా కాథలిక్ ఫాదరీ. 1951లో పోపు పన్నెండో పయస్ ఆ సిద్ధాంతాన్ని "వెలుగు కమ్మని" అన్న మాటతో ముడిపెట్టినప్పుడు సంతోషించనివారిలో లెమైత్ర్ ఒకడు. రేపు సిద్ధాంతం మారితే విశ్వాసం కూడా మారాలా అన్న జాగ్రత్త అందులో ఉంది.

1, 2 అధ్యాయాల్లో రెండు వేర్వేరు సృష్టి కథలున్నాయా?

చదివితే తేడా కనబడుతుంది. మొదటి వృత్తాంతంలో ఆయన "దేవుడు", 2:4 తర్వాత "దేవుడైన యెహోవా". మొదటిదానిలో మొక్కలు, జంతువులు, చివరికి స్త్రీపురుషులు కలిసి వస్తారు. రెండోదానిలో నరుడు ముందు, తర్వాత తోట, ఆ తర్వాత జంతువులు, చివరికి స్త్రీ. మొదటిదానిలో దేవుడు మాట పలుకుతాడు, అది జరుగుతుంది. రెండోదానిలో కుమ్మరిలా మట్టి పట్టుకుని, నాసికారంధ్రాల్లో ఊపిరి ఊదుతాడు.

విమర్శక పండితులు ఇవి రెండు మూలాల నుంచి వచ్చాయంటారు. సంప్రదాయవాదులు రెండోది ఆరో దినాన్ని దగ్గరగా చూపించిందంటారు. నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి: వీటిని పక్కపక్కన ఉంచినవారికి వరుసలోని తేడా కనిపించకపోదు. కనిపించినా సరిచేయలేదు. వరుసే వారి ప్రధాన విషయమైతే అలా వదిలేస్తారా?

ఇది బాబిలోను పురాణం నుంచి తీసుకున్నదా?

నీనెవెలో అష్షూరు రాజు అషూర్‌బనిపాలు గ్రంథాలయ శిథిలాల్లో దొరికిన మట్టిపలకల నుంచి బాబిలోను సృష్టిగాథను జార్జ్ స్మిత్ 1876లో ప్రచురించాడు. అప్పటినుంచి ఈ ప్రశ్న ఉంది. ఆ గాథలో మర్దూకు దేవుడు ఉప్పునీటి దేవత తియామతును చంపి, ఆమె దేహాన్ని రెండుగా చీల్చి ఒక సగంతో ఆకాశం చేస్తాడు. ఓడిపోయిన ఆమె సేనాని కింగు రక్తంతో మనుషుల్ని చేస్తారు. దేవతల చాకిరీ మోయడమే మనుషుల పని.

పోలికలున్నాయి: మొదట జలాలు, ఆ జలాల విభజన, చివర మనిషి, తర్వాత విశ్రాంతి. కానీ ఆదికాండము ఆ లోకానికి ఎదురు నిలిచి మాట్లాడుతుంది. దాన్ని గమనించకపోతే ఈ అధ్యాయంలోని ధైర్యం మనకు తెలియదు. అగాధ జలం ఇక్కడ శత్రువు కాదు, మౌనంగా పడి ఉన్న నీరు. యుద్ధం లేదు, మాట ఉంది. నాలుగో దినాన సూర్యుడికి, చంద్రుడికి పేర్లు కూడా లేవు. ఒకటి "పెద్ద జ్యోతి", ఇంకొకటి "చిన్న జ్యోతి" అంతే. చుట్టుపక్కల జాతులు ఆ పేర్లతోనే దేవుళ్లను పిలిచేవి కాబట్టి గ్రంథకర్త ఆ పేర్లు ఎత్తలేదని చాలామంది పండితుల అభిప్రాయం. జనం జాతకాలు చూసుకునే నక్షత్రాలను వాక్యం చివర ఒక్క మాటతో ముగించేశాడు.

అన్నింటికంటే పెద్దది మనిషి సంగతి. ఆ కాలపు అష్షూరులో రాజును దేవుని ప్రతిరూపం అనేవారు. ఆదికాండము 1:27 ఆ గౌరవాన్ని స్త్రీకి, పురుషుడికి, కిరీటం లేని ప్రతి మనిషికీ ఇచ్చింది. చాకిరీకి పుట్టిన జీవి కాదు మనిషి అని ప్రకటించింది. దినాలు ఎన్ని గంటలన్న వాదంలో పడి ఈ వచనాన్ని దాటేసి వెళ్లిపోతుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

"విశాలము" అంటే ఆకాశమా?

హీబ్రూ మాట "రాఖియా". లోహాన్ని సుత్తితో కొట్టి రేకుగా సాగదీయడాన్ని సూచించే ధాతువు నుంచి వచ్చింది. పైన ఉన్న జలాలను ఆపే గట్టి కప్పుగా ఆనాటివారు ఆకాశాన్ని ఊహించారు. లాటిన్ అనువాదం ఆ గట్టితనాన్ని నిలుపుకుంది. తెలుగు బైబిలు "విశాలము" అని సాగదీతను మాత్రం తీసుకుంది. పూర్తి అక్షరార్థం పాటించాలనేవారు ఇక్కడ ఆకాశం పైన గట్టి కప్పు, దానిపైన నీళ్లు ఉన్నాయని కూడా ఒప్పుకోవాలి. ఈ రోజుల్లో అలా ఒప్పుకునేవారు దాదాపు లేరు. అంటే ఎంతోకొంత అలంకారం అందరూ అంగీకరిస్తున్నారు, గీత ఎక్కడ గీయాలన్నదే తేడా.

ఆదాము నిజంగా జీవించాడా?

ఈ పుటలో నాకు అన్నింటికంటే కష్టమైన ప్రశ్న ఇది. దినాల సంగతిలో ఉన్నంత నిశ్చయం నాకు ఇక్కడ లేదు.

అలంకార పక్షానికి ఆధారాలున్నాయి. "ఆదాము" హీబ్రూలో మనిషి అనే మాటే. నేలను "అదామా" అంటారు. నేలనుంచి వచ్చినవాడు నేలవాడన్న మాటల ఆట అది. "హవ్వ" పేరులో జీవం ఉంది. మాట్లాడే సర్పం, జీవవృక్షం, మంచిచెడ్డల తెలివినిచ్చే వృక్షం మామూలు తోటలో కనిపించేవి కావు. మూడో అధ్యాయంలో మనిషి సాకులు చెప్పే తీరు, నింద భార్యమీదికీ, ఆమెనుంచి సర్పం మీదికీ జరిగే తీరు చదివితే అది ఒక్క మనిషి కథ అనిపించదు.

అయినా పౌలు రోమా 5లో ఒక మనిషి ద్వారా పాపం, ఒక మనిషి ద్వారా కృప అని రెండు పక్షాలనూ తూచాడు. 1 కొరింథీ 15లో ఆదామును, క్రీస్తును ఎదురెదురుగా నిలబెట్టాడు. లూకా వంశావళి యేసు నుంచి వెనక్కి వెళ్లి ఆదాము దగ్గర ఆగుతుంది. ఒక పక్క నిజమైన మనిషి, మరో పక్క గుర్తు మాత్రమే అయితే ఆ తూకం నిలుస్తుందా అని అడిగేవారి ఆందోళన న్యాయమైనది. మానవజాతి ఎన్నడూ ఒకే జంటకు కుంచించుకుపోలేదని చాలామంది జన్యుశాస్త్రవేత్తలు చెబుతుండగా, విశ్వాసులైన పండితులు అనేక దారులు వెతికారు. ఆదాము అప్పటికే ఉన్న మనుషుల్లోంచి దేవుడు ప్రతినిధిగా ఎంచుకున్నవాడని కొందరు, అతడు మనందరి ప్రతిబింబమని ఇంకొందరు అంటారు. కాథలిక్ బోధనా గ్రంథం 390వ పేరా మధ్యేమార్గం పట్టింది: మూడో అధ్యాయం అలంకారిక భాష వాడుతుంది, కానీ మానవ చరిత్ర ఆరంభంలో నిజంగా జరిగిన ఒక సంఘటనను అది ధృవీకరిస్తుంది. నేను ప్రస్తుతం దాదాపు అక్కడే నిలబడి ఉన్నాను.

కయీనుకు భార్య ఎక్కడనుంచి వచ్చింది?

అక్షరార్థ పక్షం వారి జవాబు: ఆదాముకు కుమారులూ కుమార్తెలూ ఉన్నారని 5:4 చెబుతుంది కాబట్టి ఆమె అతని సోదరి. మరోపక్షం వారు కయీను ఇతరులు తనను చంపుతారని భయపడటాన్నీ, ఊరు కట్టడాన్నీ చూపించి, కథలోనే ఇంకా మనుషులున్నట్లు సూచన ఉందంటారు. వచనం ఆమె గురించి ఏమీ చెప్పదు.

సృష్టిని అలంకారమంటే, రేపు పునరుత్థానాన్నీ అలంకారమనరా?

ఈ భయాన్ని నేను గౌరవిస్తాను. అయితే రెండు రచనల తీరూ ఒకటి కాదు. 1 కొరింథీ 15లో పౌలు సాక్షులను పేర్కొంటాడు. అయిదు వందల మందికి పైగా చూశారనీ, వారిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ చెబుతాడు. వెళ్లి అడిగి తెలుసుకోవచ్చు అన్న ధీమా ఆ మాటల్లో ఉంది. సృష్టికి సాక్షి లేడు. యోబు 38లో దేవుడు అడిగింది అదే: నేను భూమికి పునాదులు వేసినప్పుడు నీవెక్కడ ఉన్నావు? ప్రతి భాగాన్నీ అది ఏ రకపు రచనో చూసి చదివితే, ఒకచోటి అలంకారం ఇంకోచోటికి పాకదు.

సంఘాలు ఏమంటున్నాయి?

నీకేయ విశ్వాస ప్రమాణం భూమ్యాకాశాల సృష్టికర్తను ఒప్పుకుంటుంది. దినాల ప్రస్తావన అందులో లేదు. కాథలిక్ సంఘంలో 1909లోనే బైబిలు కమిషన్ "దినము" మాటను మామూలు రోజుగానో, కాలవ్యవధిగానో తీసుకోవచ్చంది. 1996లో పోపు రెండో జాన్ పాల్ పరిణామ సిద్ధాంతాన్ని వట్టి ఊహగా చూడలేమన్నాడు. ఏడవ దిన అడ్వెంటిస్టులు 2015లో తమ విశ్వాస సూత్రాన్ని సవరించి, ఆరు రోజుల సృష్టి ఇటీవలి కాలంలో జరిగిందని మరింత గట్టిగా రాసుకున్నారు. సంప్రదాయవాదులైన అమెరికా ప్రెస్బిటేరియన్లు (పి.సి.ఎ.) 2000 సంవత్సరంలో ఒక అధ్యయన సంఘం నివేదిక అందుకుని, ఒకటికంటే ఎక్కువ వ్యాఖ్యానాలకు చోటిచ్చారు.

పరిణామ సిద్ధాంతం బోధించిన ఉపాధ్యాయుడిపై 1925లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రం డేటన్‌లో జరిగిన విచారణలో బైబిలు పక్షాన నిలిచిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్ సైతం, ప్రశ్నించినప్పుడు, సృష్టి దినాలు 24 గంటలవే కానక్కరలేదన్నాడు. భూమి వయసు కొన్ని వేల ఏళ్లేనని చెప్పే, ఇప్పుడు మనం చూసే ఉద్యమం ఊపందుకున్నది ఆ తర్వాత, 1961లో జాన్ విట్‌కంబ్, హెన్రీ మోరిస్ జలప్రళయంపై పుస్తకం తెచ్చాక.

మా ఇంట్లో పెద్దలు ఆరు రోజులనే గట్టిగా నమ్ముతారు. వాదించాలా?

వాదించవద్దని నా మనవి. వారు కాపాడుతున్నది దేవుని మాట నమ్మదగినదన్న సత్యాన్ని. మీరూ దాన్నే నమ్ముతున్నారని ముందు వారికి తెలియాలి. ఆ తర్వాత కలిసి కూర్చుని 1:5లో "దినము" ఎన్ని అర్థాల్లో వాడారో చూడండి, అంతవరకు చాలు.

ఏడవ దినానికి అస్తమయం, ఉదయం ఎందుకు లేవు?

ఆరు దినాలకూ ముగింపుగా వచ్చిన ఆ మాట ఏడవదానికి రాలేదు. గ్రంథకర్త మరిచిపోయాడని నేను అనుకోను. హెబ్రీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం ఆ విశ్రాంతి ఇంకా తెరిచే ఉందనీ, అందులో ప్రవేశించవచ్చుననీ చెబుతుంది. ప్రాచీన ప్రాచ్య దేశాల్లో దేవుడు విశ్రమించడమంటే తన ఆలయంలో ఆసీనుడవడమని జాన్ వాల్టన్ వంటి పండితులు వివరించారు. అలా చూస్తే మొదటి అధ్యాయం లోకాన్నే ఆలయంగా ప్రతిష్ఠించిన ఏడు రోజుల వేడుకలా చదవచ్చు.

మొదటిసారి దీన్ని శ్రద్ధగా చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

వ్యాఖ్యానాలు పక్కన పెట్టి 1:1 నుంచి 2:3 వరకు ఒకే కూర్చోవడంలో పైకి చదవండి, వీలైతే ఇద్దరు కలిసి. మర్నాడు 2:4 నుంచి మూడో అధ్యాయం చివరి వరకు. తర్వాత ఇదే సృష్టిని పాటగా పాడిన 104వ కీర్తన, యోబు 38, జ్ఞానం దేవుని పక్కన ఆడుకునే సామెతలు 8:22–31, చివరగా యోహాను మొదటి అధ్యాయంలోని తొలి వచనాలు. ఇవన్నీ సృష్టి గురించే మాట్లాడతాయి, ఏ రెండూ ఒకే తీరులో మాట్లాడవు. తేడాలు కనిపించిన చోట పెన్సిలుతో గీత పెట్టుకోండి. మీ ప్రశ్నలు అక్కడినుంచే వస్తాయి.